అసోసియేషన్లో చేరితే పనులొస్తాయా? కందుకూరు నించి ఒక ఉత్తరం

ప్రశ్న: సార్ నమస్తే. నాకు 32 ఏళ్ళు, బీటెక్ సివిల్. కందుకూరులో సొంత ఆఫీసు పెట్టి ఏడేళ్ళయింది. ఇళ్ళ ప్లాన్లు, మున్సిపాలిటీ అప్రూవల్స్, ఎస్టిమేట్లు, అప్పుడప్పుడు స్ట్రక్చరల్ డిజైన్ చేస్తా. ఖర్చులు పోను నెలకి 35, 40 వేలు మిగులుతాయి, మూడేళ్ళ నించి అక్కడే ఆగిపోయా. ఈ ఏడు 60 వేలు పక్కన పెట్టా. బెంగుళూరులో ఉన్న ఫ్రెండు "నీ మీద నువ్వు ఖర్చు పెట్టుకోరా, నెట్‌వర్కింగ్ చెయ్యి" అంటాడు. ఇంజనీర్ల సంస్థలో మెంబర్షిప్, వారం వారం పొద్దున్నే కలిసే బిజినెస్ గ్రూపు, ఒంగోలులో ఒక సేవా క్లబ్బు, మూడు రోజుల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్యాంపు, ఈ నాలుగూ చూశా. మా నాన్న "పని బాగా చేస్తే పనే వస్తది, ఈ క్లబ్బులెందుకు" అంటాడు. మా ఆవిడ ఆ డబ్బుతో ఆఫీసుకి ఏసీ పెట్టించమంటది. ఇంకో సంగతి, నేను నలుగురిలో మాట్లాడలేను. పోయినసారి ఇంజనీర్స్ డే మీటింగుకి పోయి, మూల నిలబడి భోంచేసి వచ్చేశా. ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరంలో 60 వేల లెక్క కన్నా నన్ను పట్టుకుంది ఆ మూల నిలబడి భోంచేసిన ముక్క, ఎందుకంటే నేనూ అట్టా రెండేళ్ళు తిన్నా. తొంభైల్లో, నెల్లూరులో, కొత్తగా ఆఫీసు తీసిన రోజులు. నెలకో మీటింగు ఉండేది, ఎవరో పెద్దాయన వచ్చి ఉపన్యాసం చెప్పేవాడు, నేను వెనక వరసలో కూర్చుని చివర్లో ఇడ్లీ వడ తిని, ఎవరన్నా పలకరిస్తే నవ్వి, స్కూటర్ ఎక్కి ఇంటికి పోయేవాణ్ణి. రెండేళ్ళు కట్టిన చందా అంతా ఆ ఇడ్లీల ఖాతాలోకే పోయింది. ఒకరోజు ఏమయిందంటే ఉపన్యాసం మధ్యలో ప్రొజెక్టర్ బల్బు పోయింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటా ఉంటే నేను లేచి ట్రంకు రోడ్డులో షాపు షాపూ తిరిగి బల్బు పట్టుకొచ్చా. అంతే. పైనెల సెక్రటరీ గారు నా చేతిలో హాజరు రిజిస్టర్ పెట్టాడు, "నువ్వు సంతకాలు పెట్టించబ్బయ్యా" అని.

ఆ రిజిస్టర్ నాకు చేసిన మేలు ఇంకేదీ చెయ్యలా. మాట్లాడ్డానికి మాట దొరక్క చచ్చేవాణ్ణి, ఇప్పుడు ప్రతి ఒక్కడి దగ్గరికీ పోయి "సార్ సంతకం" అనే హక్కొచ్చింది. పేర్లు తెలిశాయి, ఎవరు ఏ ఊరు, ఎవరు ఏ శాఖ, ఎవరికి ఏ పని, అన్నీ తెలిశాయి. ఆరేడు నెలలకి ఒక సీనియర్ కన్సల్టెంటు, "ఒక రైసు మిల్లు షెడ్డు ఉంది, నాకు తీరట్లేదు, నువ్వు లెక్కలు చేసి పెట్టు, నేను చూసి సంతకం పెడతా" అన్నాడు. దానికి ఆయన ఇచ్చింది 1500 రూపాయలు. డబ్బు సంగతి అటుంచు, ఆయన కింద ఆ షెడ్డు చేసిన రెండు వారాల్లో నేర్చుకున్నది కాలేజీ నాలుగేళ్ళలో నేర్చుకోలా.

ఇంక మీ నాన్న మాటకొద్దాం. ఆయనది తప్పు కాదు, కానీ సగమే. ఇల్లు కట్టుకునేవాళ్ళ విషయంలో పని బాగా చేస్తే పని వస్తది, నిజమే, కాకపోతే సొంతిల్లు మనిషి జీవితంలో ఒకసారి కడతాడు, ఆయన సంతోషపడి బామ్మర్దికి చెప్పి, బామ్మర్ది కట్టే లోపల నాలుగేళ్ళవుద్ది. ఇంకోటి చూడు. వంటవాడి పని తిన్నోడికి తెలుస్తది, టైలర్ పని తొడుక్కున్నోడికి తెలుస్తది, మన పని? స్తంభంలో ఎంత స్టీలు వేశావు, కడ్డీల చుట్టూ కట్టే రింగులు ఎంత దగ్గరగా వేయించావు, ఇదంతా కాంక్రీటు కింద పూడిపోయి దాని మీద ప్లాస్టరింగు, దాని మీద పెయింటు పడుద్ది. ఓనరుకి కనిపించేది ఎలివేషనూ టైల్సూ. నువ్వు బాగా చేశావో లేదో చెప్పగలిగింది ఇంకో ఇంజనీరే, వాడు కూడా నీ బిల్డింగు చూసి చెప్పలేడు, నువ్వు దాని గురించి మాట్లాడితే విని చెప్పగలడు. అందుకే మన వృత్తిలో నలుగురు తోటివాళ్ళ మధ్య కూర్చోవడం షోకు కాదు, పని బయటికి కనపడే దారి అదొక్కటే. ఆసుపత్రి, కోల్డ్ స్టోరేజీ, రొయ్యల ప్రాసెసింగు షెడ్డు, కల్యాణ మండపం లాంటి పనులు నీ ఆఫీసు బోర్డు చూసి రావు, ఒక ఆర్కిటెక్టో ఒక బ్యాంకు మేనేజరో ఇంకో ఇంజనీరో "ఫలానా కుర్రాడు చేస్తాడు" అంటే వస్తాయి.

"వాళ్ళు నా పోటీవాళ్ళు కదా, నాకెందుకిస్తారు" అని నువ్వు రాయలేదు గానీ అనుకుంటా ఉంటావు. ఇస్తారు. చేతి నిండా పని ఉన్నోడు ఇస్తాడు, పామూరు అవతల సైటు అంటే అంత దూరం పోలేనోడు ఇస్తాడు, ప్లాన్లు గీసి అప్రూవల్ తెస్తాడు గానీ డిజైన్ చెయ్యలేనోడు ఇస్తాడు, రిటైర్మెంటు దగ్గర పడ్డోడు ఇస్తాడు. నా పెద్ద పనుల్లో సగం పైన పోటీవాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే.

సరే, నీ నాలుగిట్లోకి పోదాం. ముందు ఆ మూడు రోజుల క్యాంపు కొట్టెయ్యి. ఇట్టాంటి వాటికి మా మేనల్లుడు ఒకసారి వేలకి వేలు పోసి పోయొచ్చాడు, పెద్ద హోటల్లో పెట్టి, పాటలేసి ఎగిరించి, చివరి రోజు నిప్పుల మీద నడిపించారంట, భయం పోయిందంట. అయ్యా, మన ఊళ్ళల్లో తిరునాళ్ళకి ఆడామగా అగ్నిగుండం తొక్కుతారు, ఒక్కడు ఫీజు కట్టడు. వారం తర్వాత మేనల్లుడి భయం మళ్ళీ వచ్చేసింది, ఇంటికి వచ్చిన ఈఎమ్ఐ మాత్రం పోలేదు.

ఇంజనీర్ల సంస్థ అంటే నువ్వు ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ గురించి అడుగుతున్నావు అనుకుంటా. మంచిదే, 1920లో పుట్టింది, 1935లో రాయల్ చార్టర్ వచ్చింది, హెడ్డాఫీసు కలకత్తా. ఇక్కడ ఒక తికమక ఉంది చూసుకో, ఏఎమ్ఐఈ అంటే మన ముందు తరంలో డిప్లొమా వాళ్ళు రాసే పరీక్ష, అది పాసయితే డిగ్రీతో సమానం అనేవాళ్ళు, 2013 మే 31 తర్వాత చేరినవాళ్ళకి ఆ పాత గుర్తింపు వర్తించదు. నీకు ఆ పరీక్షతో పని లేదు, నీది బీటెక్, నువ్వు నేరుగా మెంబర్షిప్పుకి అప్లై చేసుకోవచ్చు, ఆ మెంబర్షిప్పు గ్రేడు పేరు కూడా ఏఎమ్ఐఈనే, అందుకే జనం కలిపేసుకుంటారు. ఆ పైన చార్టర్డ్ ఇంజనీరు సర్టిఫికెట్ తీసుకుంటే మిషినరీ వాల్యుయేషన్లూ అవీ ఇవీ కొన్ని సర్టిఫికెట్లకి పనికొస్తది. కానీ పేరు పక్కన నాలుగక్షరాలు చేరినంత మాత్రాన ఫోను మోగదు. ఇంజనీర్స్ డే అంటే గుర్తొచ్చింది, సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య గారి ఫోటోకి దండేసి మైసూరు గురించే చెప్తారు అందరూ, ఆయన ఇంటి పేరు మోక్షగుండం మన గిద్దలూరు వైపు ఊరేనని మనవాళ్ళలోనే చాలామందికి తెలవదు. ఈసారి మీటింగులో మూల నిలబడితే పక్కనోడితో ఆ మాటన్నా ఎత్తు.

వారానికోసారి పొద్దున్నే కలిసే గ్రూపు బీఎన్ఐ లాంటిదే అయ్యుంటది. అది 1985లో అమెరికాలో మొదలయింది, ఒక గ్రూపులో ఒక వృత్తికి ఒక్కడే, ప్రతివారం రావాల, ఒకరికొకరు పనులు చూపించాల. నేను దాన్ని తప్పు పట్టను, టైల్స్ షాపు, ఇంటీరియర్స్, సీసీ కెమెరాలు పెట్టేవాళ్ళకి బాగా జరుగుద్ది, ఒంగోల్లో నాకు తెలిసిన మాడ్యులర్ కిచెన్ ఆయనకి బాగానే గిట్టుబాటయింది. నీకెందుకు వద్దంటున్నానంటే, స్టీలు షాపాయన నీకు వారానికో పార్టీని చూపిస్తా ఉంటే రేపు ఆయన స్టీలు టెస్టు రిపోర్టు తేడాగా ఉందని నువ్వు నోరు తెరిచి చెప్పగలవా? మొహమాటం మనకి పడదు. పైగా వారం వారం పొద్దున్నే కందుకూరు నించి ఒంగోలు పోవాలంటే కాంక్రీటు వేసే రోజు సైటులో ఎవరుంటారు.

సేవా క్లబ్బుల్ని చూస్తే నవ్వొస్తది నాకు, ఎందుకంటే రోటరీ 1905లో చికాగోలో మొదలయింది ఇందుకే, పాల్ హ్యారిస్ అనే లాయరు కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉండి, ఒక్కో వృత్తి నించి ఒక్కొక్కణ్ణి పోగేసి, వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కూర్చునేవాళ్ళు, ఆ వంతుల మాటలోంచే రోటరీ అనే పేరు. సేవ తర్వాత వచ్చి చేరింది. నీకు రక్తదానం క్యాంపులూ కంటి ఆపరేషన్ల క్యాంపులూ ఇష్టమయితే చేరు, పనుల కోసం చేరితే మాత్రం రెండు నెలల్లో అందరికీ తెలిసిపోయిద్ది, నువ్వు వస్తుంటేనే కుర్చీలు జరుపుకుంటారు.

ఇదే వరసలో ఇంకో హెచ్చరిక. మెంబరువి అయిన ఆర్నెల్లకి నీకొక ఫోనొస్తది, మిమ్మల్ని బెస్ట్ యంగ్ ఇంజనీరు అవార్డుకి ఎంపిక చేశాం, ఢిల్లీలో ఫంక్షను, రిజిస్ట్రేషన్ 25 వేలు అని. డబ్బు కట్టి తెచ్చుకునే శాలువా చలికి కూడా కప్పుకోబుద్ధి కాదు. నా దగ్గర రెండున్నాయి, అందుకే చెప్తన్నా.

నీ లిస్టులో లేనివి రెండున్నాయి, నా ఓటు వాటికే. ఒకటి మీ ఊరి ఎల్‌టీపీల గుంపు. ప్లాన్లు పెట్టే లైసెన్స్ వాళ్ళు ఓ ఇరవై మంది ఉంటారు, దానికి పేరుందో లేదో, మున్సిపల్ ఆఫీసు ఎదురు టీ కొట్టు కాడ నిలబడి సర్వర్ డౌనయిందని తిట్టుకుంటా ఉంటారు, అదే మీ అసోసియేషను. నెలకో ఆదివారం గంటసేపు కూర్చుందాం, ఎవరి ఫైలుకి ఏ కొర్రీ వేశారో ఒకరికొకరం చెప్పుకుందాం అను. ఖర్చు టీలు, బజ్జీలు. కొర్రీల సంగతి ఒకడు చెప్తే మిగతా పందొమ్మిది మందికి తలా రెండు తిరుగుళ్ళు తప్పుతాయి.

రెండోది రిజిస్టర్డ్ వాల్యుయర్, అంటే ఆస్తులకి విలువ కట్టే గుర్తింపు. కంపెనీల చట్టం 247వ సెక్షను కింద వచ్చిందిది, ఐబీబీఐ అని దివాలా వ్యవహారాల కేంద్ర బోర్డు చూస్తది. బీటెక్ సివిల్ అయి ఐదేళ్ళ అనుభవం ఉంటే ల్యాండ్ అండ్ బిల్డింగ్ విభాగంలో అర్హుడివి, నీకెటూ ఏడేళ్ళున్నాయి. ముందు రిజిస్టర్డ్ వాల్యుయర్స్ ఆర్గనైజేషను ఏదన్నా ఒకదాంట్లో మెంబరువి కావాల, వాళ్ళ దగ్గర 50 గంటల క్లాసులు వినాల, తర్వాత కంప్యూటర్ మీద పరీక్ష, 60 శాతం రావాల, తప్పుకి మార్కులు కోస్తారు. ఇక్కడ మెంబర్షిప్పు అలంకారం కాదు, అది లేకపోతే ఆ పనే చెయ్యనివ్వరు. బ్యాంకులు కూడా విలువ కట్టేవాళ్ళని తమ ప్యానెల్లో తీసుకునేటప్పుడు ఇది ఉందా అని అడగడం ఎక్కువయింది. క్లాసుల్లో నీతో పాటు కూర్చునేవాళ్ళు తలా ఒక జిల్లా నించి వస్తారు, వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒక్కటి చాలు, ఏ బ్యాంకు ఎప్పుడు ప్యానెల్ నోటిఫికేషన్ ఇచ్చిందో పొద్దున్నే తెలిసిపోయిద్ది. నీ 60 వేలల్లో సగం దీనికని తీసి పెట్టు.

మిగతా సగంలో ఇంజనీర్ల సంస్థ మెంబర్షిప్పు కట్టు, ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటది అది కూడా లెక్కేసుకో. కట్టే ముందు రెండు మూడు మీటింగులకి ఊరకే అతిథిగా పోయిరా, వచ్చినోళ్ళు సబ్జెక్టు మాట్లాడుతున్నారా, లేక వేదిక మీద కుర్చీల కోసం పోట్లాడుకుంటున్నారా చూడు. కాంక్రీటు మీద ఆసక్తి ఉంటే ఇండియన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూటు అని చెన్నైలో ఉంది, 1982లో పెట్టింది, వాళ్ళ ఉపన్యాసాలకి సైటు మనుషులు వస్తారు. బస్సు చార్జీలు, సెమినార్ ఫీజులు, కోడు పుస్తకాలు, వీటికి ఒక పదివేలు ఉంచుకో. ఆడిటర్‌ని కూడా ఒక మాట అడుగు, నువ్వు వచ్చిన ఫీజుల్లో సగం లాభంగా చూపించే పద్ధతిలో రిటర్ను వేస్తుంటే ఈ చందాలు మళ్ళీ విడిగా ఖర్చు రాసుకోను కుదరదు, ఆ సగంలోనే కలిసిపోతాయి.

ఇంక మాట్లాడలేను అన్న సంగతి. నువ్వు మాట్లాడలేకపోవడం కాదు, మాట్లాడ్డానికి నీ దగ్గర చెయ్యాల్సిన పనేదీ లేకపోవడం. మేస్త్రీతో మాట్లాడతావు కదా, రాడ్ బెండర్ తప్పు కడితే గట్టిగా అరుస్తావు కదా. మీటింగుకి అరగంట ముందు పో, కుర్చీలేసే వాళ్ళతో కలిసి కుర్చీలు వెయ్యి, మైకు చూడు, నీళ్ళ బాటిళ్ళు సర్దు. కార్డులు పంచమాకు. ఒక్క మీటింగులో ఇద్దరితో చాలు, "ఇప్పుడు ఏ సైటు నడుస్తంది సార్" అని అడుగు, ఇంజనీరుని ఆ మాట అడిగితే వాడే అరగంట చెప్తాడు, నువ్వు వినడమే. ఇంటికొచ్చి ఒక నోట్‌బుక్కులో రాసుకో, ఫలానా ఆయన, కావలి, అపార్టుమెంటు, నల్లరేగడిలో పునాదితో అవస్థ పడుతున్నాడు అని. పది రోజుల తర్వాత "సార్ ఆ పునాది ఏం చేశారు" అని ఒక మెసేజి పెట్టు. నేను ముప్పయ్యేళ్ళుగా చేసే నెట్‌వర్కింగంతా ఇదే. వేదిక మీద గొంతు వణికేదానికయితే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులున్నాయి, 1924 నించీ నడుస్తున్నాయి, ఐదు నించి ఏడు నిమిషాల ప్రసంగం, టైం చూసేదానికొకడు, నువ్వు ఎన్నిసార్లు "ఆ... ఊ..." అన్నావో లెక్కపెట్టేదానికొకడు ఉంటారు. ఎక్కువగా ఇంగ్లీషులో జరుగుద్ది, ఆన్‌లైన్లో కూడా పెడతారు, ఒక ఆర్నెల్లు చూడు.

ఆ తర్వాత నువ్వే ఒకరోజు పావుగంట మాట్లాడాల. నాకేం తెలుసు అనబాక, సబ్జెక్టు నీ కాళ్ళ కిందే ఉంది. 1967 మార్చి 27న ఒంగోల్లో 5.4 భూకంపం వచ్చింది, అది మన వాళ్ళు మర్చిపోయారు. మొన్న 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు వైపు వరసగా భూమి కదిలేసరికి, సెకండో రెండు సెకండ్లో, జనం ఇళ్ళలోంచి బయటికి పరిగెత్తారు, ఆ వారం నాకు "మా ఇల్లు ఆగుద్దా సార్" అని వచ్చిన ఫోన్లు ఇన్నీ అన్నీ కావు. భూకంపాల కోడు, 2016 నాటి ఐఎస్ 1893లో ఒంగోలు, నెల్లూరు రెండూ జోన్ 3. మరి మన సైట్లల్లో రింగు కొస ఎట్టా వంచుతున్నారు? 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి పోనియ్యాల, మనోళ్ళు 90కి వంచి వదిలేస్తారు, అడిగితే కడ్డీలు దూరవు సార్ అంటాడు. ఊపు గట్టిగా వస్తే పైన కవరు, అంటే కడ్డీని కప్పిన కాంక్రీటు పొర, రాలిపోయి ఆ 90 కొస విప్పుకుంటది, స్తంభం పొట్ట పగులుద్ది. నీ ఫోనులో నువ్వు దగ్గరుండి వంచించిన రింగుల ఫోటోలు పది, పక్కన వంచనివి పది, ఇవి చూపించి, ఆ బెండర్‌ని నువ్వు ఎట్టా ఒప్పించావో, టన్నుకి ఎంత ఎక్కువ అడిగాడో చెప్పు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చెప్పలేనిది ఆ చివరి ముక్క. అది కాదంటే సముద్రం పక్క ఇళ్ళ సంగతి ఉంది, కోడు ప్రకారం ఉప్పు గాలికి నేరుగా తగిలే కాంక్రీటుకి ఎమ్ 30 గ్రేడు, కవరు 45 మిల్లీమీటర్లు కావాల, రామాయపట్నం వైపు పోయి ఎన్ని స్లాబుల కింద తుప్పు కారుతుందో చూసిరా. రేకుల షెడ్లు కూడా మంచి సబ్జెక్టే, నెల్లూరుకి డిజైన్లో తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, 1989 నవంబరు తుపాను కావలి కాడ తీరం దాటిన రోజులు చూసిన పెద్దాళ్ళని కదిలిస్తే నీకు ఉపన్యాసమే అక్కర్లేదు, వాళ్ళే చెప్తారు.

ఆ పావుగంట అయ్యాక భోజనాల కాడ నువ్వు మూల నిలబడినా వాళ్ళే నీ దగ్గరికొస్తారు, "తమ్ముడూ నా సైటులో కూడా ఇట్టాగే..." అని.

ఎన్నాళ్ళకి ఫలితం అంటావా, మన రొట్టెల పండగ చూశావు కదా, నెల్లూరు స్వర్ణాల చెరువులో ఉద్యోగం కోరుకుని రొట్టె పట్టుకున్నోడు, అది వచ్చాక మళ్ళీ ఏడు రొట్టె తెచ్చి ఇంకొకడి చేతిలో పెట్టి పోతాడు. పట్టుకున్న రోజే ఉద్యోగం రాదు, ఇచ్చేటప్పుడు ఎవరు తీసుకుంటున్నాడో కులం గోత్రం అడగడు. రెండేళ్ళు పెట్టుకో. మొదటి ఏడాది నువ్వు ఎన్ని పనులు ఇంకొకళ్ళకి చూపించావో నోట్‌బుక్కులో రాయి, నీకు ఎన్ని వచ్చాయో రెండో ఏడాది రాద్దువు.

మీ ఆవిడ ఏసీ మాట మాత్రం నేను కొట్టిపారెయ్యను. మే నెల్లో కందుకూరులో ఫ్యాను కింద కూర్చోబెట్టి ప్లాను చూపిస్తే ఏ పార్టీ అయినా ఐదు నిమిషాల్లో లేచి పోయిద్ది. వాల్యుయర్ పరీక్ష పాసయి మొదటి బ్యాంకు ఫీజులు చేతికొచ్చాక కొంటానని చెప్పు, ఆవిడతోనే పరీక్షకి టైంటేబుల్ వేయించు, నీకన్నా ఆవిడే గట్టిగా చదివిస్తది.

ఆ రింగుల ఫోటోలు ఈ వారం నించే తియ్యడం మొదలుపెట్టు. నువ్వు మాట్లాడే రోజు ముందుగా ఒక ముక్క రాయి, ఒంగోలు అయితే బస్సెక్కి నేను కూడా వస్తా, ప్రొజెక్టర్ బల్బు పోతే తెచ్చేదానికి ఒక మనిషి ఉండాల కదా.